జాకీ మీద లేపిన ఎర్ర కారు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఫిబ్రవరిలో, కొత్తకోట దగ్గర బీడు భూమిలో ఔత్సాహికుల కార్ల పందెం పెట్టారు. వనపర్తిలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఉన్న నన్ను సాంకేతిక పరిశీలకుడిగా వేశారు. పందెం మొదలయ్యే ముందు ప్రతి కారునూ పరీక్షించి, నిబంధనలకు సరిపోతే అద్దానికి చీటీ అంటించాలి. చీటీ లేని కారు బయలుదేరే గీత దాటకూడదు.

ఆ పోటీలో సస్పెన్షన్‌కు, అంటే చక్రాల కుదుపును మింగే అమరికకు, నిబంధనలు రెండే. షాక్ అబ్జార్బరు ఏ కంపెనీదైనా పెట్టుకోవచ్చు కానీ, దాన్ని బిగించే చోటు ఫ్యాక్టరీలో ఉన్నచోటే ఉండాలి. స్ప్రింగును కోయకూడదు, కాల్చకూడదు.

కిష్టన్న లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు కట్టే మేస్త్రీ, యాభై దాటిన మనిషి. రెండేళ్లు కష్టపడి తయారుచేసుకున్న తన కారులో వెనుక షాక్ అబ్జార్బర్ల బిగింపు చోటును వెల్డింగుతో పైకి జరిపాడు. పనితనం చక్కగా ఉన్నా తిరస్కరించాను. కారు పక్కకు తీసుకుపోయాడు.

తర్వాత గద్వాలలో బడి పంతులమ్మగా పనిచేసే సరిత ఎర్ర కారుతో వచ్చింది. కారు నేల మీద నిలిచి ఉండగానే ఎత్తు కొలిచాను, వంగి స్ప్రింగులు చూశాను. చీటీ అంటించాను.

పది నిమిషాలకు కిష్టన్న నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నా బండి ఆపిండ్రు, మంచిదే. గా ఎర్ర బండిని జర జాకీ మీద లేపి సూడుండ్రి. గట్టు దిగంగ ముంగట టక్కుమన్నది. స్ప్రింగు కోసిండ్రు."

తన కారు ఆగిందన్న అక్కసు అనుకున్నాను. చూసేశానని చెప్పి పంపేశాను. అతను కదల్లేదు.

"మీ మీద నాకు కోపం ఉన్నదనుకుంటె అనుకోండ్రి సార్. గా బిడ్డ నడిపేది గా బండినే."

కారు లేపించాను. ముందు చక్రం గాలిలో వేలాడగానే, చుట్టు కోసేసి పొట్టిదైన స్ప్రింగు తాను కూర్చునే ఇనుప గిన్నెలో వదులైపోయింది. చేత్తో తిప్పితే తిరిగింది. నేల మీద బండి బరువు నొక్కి ఉంచడంతో ఆ లోపం కనబడలేదు. ఎగుడుదిగుడు మలుపులో చక్రం లేస్తే స్ప్రింగు పక్కకు తప్పుకుని కారు బోల్తా పడేది. నా చేత్తో అంటించిన చీటీ నేనే చించేశాను.

"నాకు తెల్వదు సార్, గిట్లనే కొన్న," అంది సరిత.

కిష్టన్న అప్పటికే పనిముట్ల పెట్టెలోంచి పానాలు తీస్తున్నాడు. "నీది నాది ఒక్కటే మోడలు బిడ్డా. నా బండికి ముంగటియి కంపెనీయే ఉన్నయి. అయి తీసి ఏస్త."

ముందు స్ప్రింగులు షాక్ అబ్జార్బర్లతో సహా మార్చాడు. నేను సరిత వంతును చివరికి జరిపి, ఈసారి నాలుగు చక్రాలూ లేపి చూశాకే సంతకం చేశాను. ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. ముగింపు గీత దాటి దిగగానే కిష్టన్న దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. నేనూ వెళ్లి, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. "ఇన్నరు గద సార్, సాలు," అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, చక్రాలు వేలాడదీసి చూడకుండా ఏ బండి సస్పెన్షన్‌కూ సంతకం పెట్టలేదు. లోపం చూపించే మనిషికి నా మీద కోపం ఉందా లేదా అన్నది తనిఖీలో భాగం కాదని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.