నిండుకున్న మాటలు

కాలేజీలో చదువుతున్న మా మనవరాలు మొన్న ఫోను చేసి, పాత ఆచారాల్లో ఏవి బతికున్నాయో, ఏవి కొనఊపిరితో ఉన్నాయో, ఏవి పూర్తిగా పోయాయో పెద్దవాళ్ళనడిగి తేల్చడం తనకిచ్చిన పని అంటే, అడుగుతున్నది నా గురించేమోనని ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. కాదట, అశుభం నోట పలకకుండా తిప్పి చెప్పే మన మాటల గురించట.

నా చిన్నప్పుడు మా నందిగామ ఇంట్లో దీపం ఆరేది కాదు, కొండెక్కేది; నల్లపూసలు తెగేవి కావు, పెరిగేవి; బియ్యం అయిపోవడమనేది మా వంశంలోనే లేదు, నిండుకునేవి. ‘లేదు’ అనకూడదని అమ్మ నియమం కనుక మా ఇంట్లో లేనిదంటూ లేదు, ఉన్నదీ అంతంతమాత్రమే.

అరవైల్లో, నన్ను చూసుకోవడానికి జగ్గయ్యపేట నుంచి పెళ్ళివారు వచ్చిన రోజు సంగతి చెప్పాలి. అంతకుముందు రెండు సంబంధాలవాళ్ళు, నా రంగు చూసో, పాట వినో, ‘వెళ్ళొస్తాం’ అని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇదైనా కుదరాలని అమ్మ వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుని, పొద్దున్నే బూరెల పిండి కలుపుతూ, మా వదినను కేకేసి, బియ్యం నిండుకున్నాయని మామగారితో చెప్పమంది. నాగపూర్ రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగి, కొత్తగా కాపురానికొచ్చిన వదిన ఎంతో సంబరంగా, “మామయ్యగారూ, బియ్యం నిండుగా ఉన్నాయటండీ!” అంది. మర దగ్గరున్న బస్తా తెప్పించాల్సిన నాన్న, ‘శుభం’ అనుకుని చుట్టాలకు ఎదురెళ్ళి, తీరిగ్గా బస్సు కోసం నిలబడ్డాడు.

తీరా వాళ్ళొచ్చి, విస్తళ్ళు వేసే వేళకు గుట్టు బయటపడింది. “బస్తా ఏదండీ?” అని అమ్మ. “నిండుగా ఉన్నాయన్నారుగా!” గుమ్మం దగ్గర వదిన వెక్కివెక్కి ఏడుపు. ఇక ఈ మూడోవాళ్ళూ వెళ్ళొస్తారనుకున్నాను గదిలో నేను.

ఇదంతా విన్న పెళ్ళికొడుకు తల్లి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, కొంగు దోపుకుని సరాసరి వంటింట్లోకి వచ్చింది. “ఊరుకో అమ్మాయ్, మా ఇంట్లోనూ వారానికోసారి నిండుకుంటాయిలే. పక్కింట్లో అడిగి నాలుగు మానికలు తే, ఈలోగా నే ఎసరు పెడతా.” సాయంత్రం బస్సెక్కుతూ ‘వెళ్ళొస్తాం’ అన్నారు, అన్నట్టే వచ్చారు. ఆవిడే మా అత్తగారు. వదిన ఆ తర్వాత మా మాటలన్నీ మాకంటే బాగా నేర్చింది. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ‘పోయారు’ అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

ఈ కథంతా వినే తీరిక మనవరాలికి లేదు, ఒక్క ముక్కలో తేల్చమంది.

“ఏం చెప్పమంటావే, నిండుకుంటున్నాయి” అన్నాను.

“హమ్మయ్య! అయితే బానే ఉన్నాయన్నమాట” అంది, అచ్చం మా వదినలాగే. సరిదిద్దుదామని నోరు తెరిచేలోగా, “ఉంటా అమ్మమ్మా” అని ఫోను పెట్టేసింది.

ఉంటానంటూనే వెళ్ళిపోయే ఆ మాట దానికి ఎవరు నేర్పారో!