కిటికీ గట్టు మీద పళ్ళెం

బుల్లెమ్మా! నువ్వు పోయావన్న కబురు మూడో ఫోన్‌కి గానీ నేను వినలేదు. మొదటి రెండూ తిట్టి పెట్టేశాను.

చదివే అమ్మలకూ అయ్యలకూ చెప్పాలి. బుల్లెమ్మ అంటే మా అమ్మాయి. అసలు పేరు వేరే ఉంది, ఆ పేరుతో నేనెప్పుడూ పిలవలేదు. ఇప్పుడు రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. ఆ రోజు మధ్యాహ్నం నేను దోహాలో, మెసైమీర్ పేటలో పనిచేసే మేడమ్ గారి వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నాను. ఫోన్‌లో ఒక ఆడగొంతు ఏడుస్తూ, "నానాంగ్, యువర్ డాటర్ హాస్పిటల్, కమ్, యల్లా" అంది. ఇలాంటి ఫోన్లు ఇక్కడ మామూలే. మీ పిల్లకి యాక్సిడెంట్ అయింది, మీ కార్డు నంబరు చెప్పండి అంటారు. "నా దగ్గరా నీ నాటకాలు?" అని తెలుగులోనే తిట్టి కట్ చేశాను. రెండోసారీ అంతే. మూడోసారి మా అమ్మాయి పనిచేసే లాండ్రీ సూపర్‌వైజరు మాట్లాడాడు. అప్పటికే అయిపోయింది.

మొదటి ఫోన్‌కే బయలుదేరి ఉంటే నా బిడ్డ కళ్ళు తెరిచి ఉండగా చూసేదాన్నా? డాక్టరు అప్పటికే స్పృహ లేదన్నాడు. నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

నా అనుమానం సంగతి ముందు చెప్పేస్తాను. నేను చదివింది అయిదో తరగతి. పదిహేనేళ్ళ కిందట ఆసుపత్రిలో పని అని చెప్పి తీసుకొచ్చి ఒక ఇంట్లో గిన్నెల దగ్గర నిలబెట్టారు. అప్పట్నుంచి ఎవరినీ నమ్మలేదు. కూరలో ఉప్పు నా చేత్తో నేనే వేసి, ఇంకెవరైనా మళ్ళీ వేశారేమోనని రుచి చూసుకునేదాన్ని. మా అమ్మాయి నవ్వేది. "అమ్మా, ఎవరినైనా అనుమానించుకో, కానీ అన్నం తిన్నాక అనుమానించు. ఖాళీ కడుపుతో అందరూ దొంగల్లాగే కనిపిస్తారు" అనేది.

తను నజ్మాలో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేది. రోజంతా అరబ్బు మగవాళ్ళ పొడుగాటి తెల్ల చొక్కాలే. ఆ అలవాటుకి ఎక్కడ ముడత కనిపించినా అరచెయ్యి పోయేది. సెలవు రోజు శుక్రవారం బస్సులో నా పక్కన కూర్చుంటే నా చీర కుచ్చిళ్ళు సాపు చేస్తూనే ఉండేది. "ఇది బస్సే, ఎవరు చూస్తారు?" అంటే, "నేను చూస్తున్నాగా" అనేది.

తన గది అల్ దోహా అల్ జదీదాలో, మూడో అంతస్తులో. ఆ గదిలో ఇంకో అమ్మాయి ఉండేది. ఫిలిప్పీన్స్ ఆమె. మా అమ్మాయి కంటే పెద్దది, అదే లాండ్రీలో పక్క బల్ల. మా పిల్ల ఆమెని 'మనాంగ్' అని పిలిచేది, అంటే వాళ్ళ భాషలో అక్క అట. ఆమె నన్ను 'నానాంగ్' అనేది, అంటే అమ్మ. ఆ రోజు మొదటి రెండు ఫోన్లూ ఆమెవేనట, ఏడుపులో గొంతు పోల్చుకోలేదు. అడక్కుండా అమ్మా అని పిలిచినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మనాంగ్‌ది కాగయాన్ అనే నది ఒడ్డు ఊరు. ఇస్త్రీ చేస్తూ ఆమె చెప్పేది, మా పిల్ల గదికి వచ్చి నోటుబుక్కులో తెలుగులో రాసుకునేది. ఆ నది కొండల్లో పుట్టి ఉత్తరానికి పారుతుందట. తుపాను కాలంలో ఒడ్డులు దాటి పొలాల మీద పడుతుందట. వరద తీశాక మిగిలిన ఒండ్రులో మొక్కజొన్న వేస్తారట. కాస్త ఎత్తున వరి. ఒకప్పుడు స్పెయిన్ దొరల ఏలుబడిలో ఆ లోయంతా పొగాకే వెయ్యాలని హుకుం. పండిందంతా దొరలకే ఇవ్వాలి, ఒక్క ఆకు దాచుకున్నా ఇల్లంతా సోదా. పొలం తమదే అయినా తిండిగింజలు వేసుకునే వీలు ఉండేది కాదట. ఇప్పుడు పొగాకు తగ్గింది. పంట చేతికొచ్చే వేళకి గాలివాన వస్తుందని ఇంటికొకరు ఇలా బయటి దేశాలకి పోతారట.

"నది ఉత్తరానికి పారడమేంటే? నదులు సముద్రంలోకి పోతాయి" అన్నాను.

"వాళ్ళ సముద్రం ఉత్తరాన ఉందమ్మా."

"నువ్వు చూశావా?"

"నీకు నది కూడా దొంగలాగే కనిపిస్తుందా?" అని పడి పడి నవ్వింది.

ఆ నదిలో ఒక చేప ఉందట. గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోయి మళ్ళీ నదిలోకి వస్తుందట. చాలా ఖరీదు, పెద్దవాళ్ళకి బహుమానంగా పంపుతారట. మా గోదావరి పులస సంగతి మా పిల్ల దగ్గర విని మనాంగే ఇది కల్పించి చెప్పిందనుకున్నాను. ఇంకో శుక్రవారం మనాంగ్ తన అమ్మమ్మ గురించి చెప్పింది. పొగాకు కోసేదట, చుట్ట కాలే వైపు నోట్లోకి పెట్టుకుని కాల్చేదట. మాది లంక గ్రామం. మా అమ్మ లంక పొగాకు కోసి తాళ్ళకి గుచ్చేది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. సముద్రాలు దాటి ఉన్న మనిషికి మా అమ్మ సంగతి ఎలా తెలుసు? జాతర్లలో చెయ్యి చూసేవాళ్ళు ముందే మన ఇంటి సంగతులు కనుక్కుని చెప్పినట్టు చెబుతోందనుకున్నాను. మా పిల్లని మెల్లగా తన దేశం లాక్కుపోవాలని చూస్తోందని కూడా అనుకున్నాను. లేకపోతే ఎవరి ఊరి నదో మా పిల్ల పుస్తకంలోకి ఎందుకు వస్తుంది?

అంతలో పళ్ళెం గొడవ వచ్చింది. నవంబరు మొదట్లో ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి కిటికీ గట్టు మీద తెల్ల పళ్ళెం ఉంది. అందులో బంక బియ్యపు అన్నం ముద్ద, ఉడికిన గుడ్డు, పక్కనే వెలిగించి ఆర్పిన చుట్ట. మా వైపు అన్నం ముద్దా గుడ్డూ కలిపి దారిలో కనిపిస్తే ఎవరూ దాటరు, చుట్టూ తిరిగి పోతారు. మనాంగ్ లేని సమయం చూసి మా పిల్లని అడిగాను.

"ఒసే, అది నీ జుట్టు ఏమైనా కత్తిరించిందా?"

"కత్తిరించింది. నేనే అడిగా, చివర్లు చిట్లిపోయాయని."

"ఆ వెంట్రుకలు ఎక్కడ పడేసింది?"

"చెత్తబుట్టలో అమ్మా. చెత్తబండి ఎక్కి వెళ్ళిపోయాయి. యల్లా, వెతుకుదాం పద."

"నవ్వకు. అది చేతబడి."

"వాళ్ళ అమ్మమ్మకి పెట్టుకుందమ్మా. పోయినవాళ్ళకి వాళ్ళు అలా పెడతారు. మనం పెద్దలకి పెట్టుకోమా?"

"మనం చుట్ట పెడతామా?"

"నువ్వు పెట్టలేదు గానీ, పెట్టి ఉంటే మా అమ్మమ్మ ఎప్పుడో వచ్చేది."

నేను ఊరుకోలేదు. మనాంగ్ తిరిగొచ్చాక, మా పిల్లకి ఎండుమిరపకాయలతో దిష్టి తీసి వాటిని స్టవ్ మీద వేశాను. ఆ ఘాటుకి గోడ మీద పొగ గంట మోగింది. బిల్డింగంతా మెట్ల మీద పడింది. మనాంగ్ చెప్పుల్లేకుండా దగ్గుకుంటూ దిగి, తను తాగకుండా నాకు నీళ్ళ సీసా అందించింది. మూత ముందే తీసి ఉందని నేను తాగలేదు.

ఇవన్నీ మనసులో పెట్టుకునే నేను ఆసుపత్రికి వెళ్ళాను. లాండ్రీలో చొక్కా మడత పెడుతూ మడత పెడుతూనే నా బిడ్డ పడిపోయిందట. తలలో నరం చిట్లిందన్నారు, ఎవరూ ఏమీ చెయ్యగలిగింది లేదన్నారు. వరండాలో మనాంగ్ నా చేతులు పట్టుకోబోయింది. వెనక్కి లాక్కున్నాను. సూపర్‌వైజరు తెలుగువాడే, కరీంనగర్ అతను. అందరి ముందూ అతనితో అన్నాను.

"బాబూ, దీన్ని మా పిల్ల దగ్గరికి రానివ్వకండి. ఏం పెట్టిందో, ఏం చేసిందో."

"గట్లనకు అమ్మా. అంబులెన్సుల పక్కన కూసొని తీస్కొచ్చింది ఆమెనే. డాక్టర్ చెప్పిండు కదా."

"డాక్టర్‌కి ఇవన్నీ ఏం తెలుస్తాయి?"

నా బిడ్డని ఊరికి పంపే కాగితాలు అవడానికి రోజులు పట్టింది. పెట్టె మూసే ముందు ఎవరెవరు చూడాలో ఇంటివాళ్ళు చెప్పాలి. ఇంటివాళ్ళంటే ఇక్కడ నేనొక్కదాన్నే. మనాంగ్ రోజూ ఫోన్ చేసేది. "వన్ టైమ్, నానాంగ్. ఫేస్. వన్ టైమ్." నేను "మాఫీ" అని పెట్టేసేదాన్ని. మాఫీ అంటే లేదు. ఆ ఒక్క మాట నా చేతిలో ఉంది, ఇవ్వలేదు. పేగు తెంచుకు పుట్టిన బిడ్డ పోతే నాకు దక్కిన అధికారం అదొక్కటే అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనిపించింది.

పెట్టె మూసే ముందు రోజు బట్టలు తీసుకోవడానికి గదికి వెళ్ళాను. అన్నం తిని ఎన్ని పూటలయిందో గుర్తు లేదు. తలుపు తీసేసరికి కిటికీ గట్టు మీద పళ్ళెం. అన్నం, గుడ్డు. నా బిడ్డని తీసుకుపోయింది చాలక ఇంకా ఏం చేస్తోందని ఒళ్ళు మండింది. విసిరికొడదామని పళ్ళెం ఎత్తాను. మనాంగ్ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"మంత్రం మాఫీ, నానాంగ్. మంత్రం మాఫీ. బుల్లెమ్మ ఖానా."

మా పిల్ల పేరు ఆమె నోట 'బుల్లెమ్మ' అనే వచ్చింది. అసలు పేరు కాదు. నేను పిలిచే పేరే ఆమెకి తెలుసు.

అప్పుడు ఆమె వేళ్ళు చూశాను. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆమె కారం తినలేదు, మిరియం పడినా నాలుక బయటపెట్టే మనిషి. పళ్ళెంలోకి చూశాను. అది తెల్లన్నం కాదు, ఆవకాయ అన్నం. మా పిల్లకి నేను పట్టి ఇచ్చిన సీసాలోదే. మా పిల్ల అన్నం కలిపి ముద్ద చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటలో ఊట నూనె పోసుకుని ఒక్కసారే నోట్లో పెట్టుకునేది. చిన్నప్పుడు నేనే అలా పెట్టేదాన్ని. పళ్ళెంలో ముద్దకి గుంట ఉంది. గుంట నిండా నూనె ఉంది. ఎదురుగా కూర్చుని ఎన్నో పూటలు చూసిన మనిషికి తప్ప అది తెలియదు.

పళ్ళెం గట్టు మీద పెట్టేసి నేల మీద కూలబడ్డాను. మనాంగ్ ఇంకో ముద్ద కలిపి తెచ్చింది. "ఈట్, నానాంగ్. బుల్లెమ్మ సే, ఫస్ట్ ఈట్, ఆఫ్టర్ డౌట్" అంది. మా పిల్ల మాట ఆమెదాకా కూడా వెళ్ళిందన్నమాట. నేను తిన్నాను. ఉప్పు చూసుకోకుండా తిన్నాను. తిన్నాక, "రేపు రా" అన్నాను.

మర్నాడు ఆమె నా వెనకే వచ్చింది. నేను ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. ఆమె ఏడవలేదు. నా బిడ్డ మీద కప్పిన తెల్లగుడ్డకి గుండెల దగ్గర ఒక ముడత ఉంది. అరచెయ్యి పెట్టి మెల్లగా, అంచుదాకా, సాపు చేసింది. మళ్ళీ ఇంకోసారి. సూపర్‌వైజరు గోడ వైపు తిరిగిపోయాడు.

ఊరు తీసుకెళ్ళి, జరగాల్సినవన్నీ జరిపించి, మళ్ళీ డ్యూటీకి వచ్చేశాను. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. కూడబలుక్కుని చదువుతాను. పొగాకు హుకుం, వరద, మొక్కజొన్న, చేప, అన్నీ ఉన్నాయి. ఎక్కడా పారిపోయే సంగతి లేదు. చివరి పేజీలో నది బొమ్మ గీసి, కింద రెండు ముక్కలు రాసింది: 'ఉత్తరానికి పారుతుందంటే అమ్మ నమ్మదు. సెలవు దొరికితే తీసుకెళ్ళి చూపించాలి.'

ఇప్పుడూ శుక్రవారం ఆ గదికే వెళ్తాను. మనాంగ్ అన్నం వండుతుంది, నేను కలుపుతాను. ముందు గట్టు మీద పళ్ళెం పెట్టి, తర్వాత ఇద్దరం తింటాం. మా అమ్మకని ఒక చుట్ట కూడా పెట్టాను మొన్న. నా అనుమానం మాత్రం పోలేదు. తినేటంతసేపూ ఓరకంట ఆ ముద్ద వైపే చూస్తూ ఉంటాను. మొన్న గుంటలో నూనె కాస్త తగ్గినట్టు కనిపించింది. అన్నంలోకి ఇంకి ఉంటుందని మీరు అంటారు. నాకు మాత్రం అనుమానంగానే ఉంది.

ఇంతదాకా ఓపిగ్గా చదివారు. పొద్దెక్కి ఉంటుంది. లేచి, కడుపు నిండా అన్నం తినండి.