తిన్నవా అని అడిగే ఆట

నేను పనిచేసిన ప్రెస్సు మూతపడ్డాక ఏడాదిపాటు నాకు పని దొరకలేదు. ఇరవై రెండేళ్లు సికింద్రాబాద్‌లో పెళ్లికార్డులు, దుకాణాల కరపత్రాలు కంప్యూటర్ మీద కూర్చాను. బొమ్మలు వేయడం, అక్షరాలు అమర్చడం తప్ప నాకు ఇంకో పని రాదు. మా ఆయన పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. మల్కాజ్‌గిరిలో రెండు గదుల పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉంటాను. కూరగాయల బండి ఆమెతో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా రోజు గడిచిపోయేది. ఒక్కోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

అప్పుడే పెద్దవాళ్లకు ఫోన్ ఆటలు తయారుచేయడం నేర్పే చోటు ఒకటి ఉందని తెలిసి చేరాను. కళ్లద్దాల దుకాణం పైన మూడో అంతస్తు. అక్కడ నేర్పేది కాసినో ఆటలు. చక్రాలు తిరిగి బొమ్మలు ఆగేవి, పేకాటలు. నిజం డబ్బుతో పందెం లేదు. గెలిచినా ఓడినా తెరమీది కాయిన్లే, వాటిని బయట ఎవరూ తీసుకోరు. పాఠాలు తక్కువ, చేత్తో చేయడమే ఎక్కువ. మొదటి వారంలోనే మా చేత మూడు చక్రాలు తిప్పించారు. నేను జామకాయ, గంట, మల్లెదండ బొమ్మలు వేశాను.

నా పక్క కంప్యూటర్ దగ్గర లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒకాయన కూర్చునేవాడు. కీబోర్డు ముట్టుకునే ముందు చేతిరుమాలుతో తుడిచేవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని. ఈ వయసులో ఈ చదువెందుకని ఒకరోజు అడిగాను.

"మా ఇంటామె పొద్దంత గిసొంటి ఆటనే ఆడుతది చెల్లె. మోకాళ్ల ఆపరేషన్ అయినప్పటిసంది షురూ అయింది. నేనేమన్న మాట్లాడితె 'ఆగు' అంటది. గిన్నేండ్లు ఇంజన్లు విప్పి చూసిన. గీ ఆట లోపల ఏమున్నదో సుత విప్పి చూద్దామని వచ్చిన."

నేర్పే సారుకు ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఓపిక ఉన్నవాడు. రెండు బొమ్మలు కలిసి మూడోది వెంట్రుకవాసిలో తప్పిపోయేలా ఎలా ఆపాలో ఆయన చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది.

"ఓడినట్టు అనిపించొద్దు మేడం. కొంచెంల మిస్సయినట్టు అనిపించాలె."

"అంటె అది యాడ ఆగేదో ముందే తెలుసా?" అన్నాడు భాయ్.

"బటన్ నొక్కంగనే డిసైడ్ అయిపోతది సార్. తర్వాత తిరిగేదంత ఊరికే చూపించుడే."

భాయ్ చేతిరుమాలు తీసి కీబోర్డును మళ్లీ తుడిచాడు. తర్వాత నాకొక్కదానికే వినిపించేలా, "అవి ఆగేదాక ఆమె ఊపిరి బిగవట్టుకుంటది చెల్లె" అన్నాడు.

ఆట తెరవగానే కనిపించే పలకరింపు ఎవరికి వాళ్లే రాసుకోవాలి. తోటివాళ్లు స్వాగతమనీ, ఈరోజు అదృష్టం మీదేననీ రాశారు. నాకేమీ తోచలేదు. "మీతోని ఎవరన్న ఏమంటె మంచిగనిపిస్తదో అదే రాయండి" అన్నాడు సారు. 'వచ్చినవా? తిన్నవా?' అని కొట్టాను. మా ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకు డ్యూటీ నుంచి ఫోన్ చేసి, తిన్నవా అని ఆ ఒక్క మాట అడిగి పెట్టేసేవాడు. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

తయారైన ఆటను ఇంట్లో ఎవరిచేతనైనా వారంపాటు ఆడించి, వాళ్లెలా ఆడారో ఇచ్చిన కాగితం మీద రాసి తెమ్మన్నారు. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుండిపోయాను. భాయ్ చూశాడు. "మా ఆమె ఉన్నది కదా, నీది ఆమెకిస్త" అన్నాడు.

వారం తర్వాత మెట్లమీద టీ తాగుతూ చెప్పాడు. "అది తిన్నవా అంటది, ఈమె 'హా, తిన్న' అని పైకి జవాబిస్తది. మొన్న 'ఇయ్యాల పప్పు మాడింది' అని సుత చెప్పింది. అదే మాట నేనడిగితె తలకాయ ఊపుతది, అంతే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తీసేస్తా భాయ్" అన్నాను.

"వద్దు. ఇంట్ల ఆమె గొంతన్న వినవడుతున్నది." గ్లాసు మెట్టుమీద పెట్టి, "ఇంకో మాట రాస్తవా? ఆమె ఒక్క ఫోన్లనే" అన్నాడు.

ఆయన చెప్తుంటే నేను కొట్టాను. 'ఆయన తిన్నడా? జెర అడుగు.' ఆ ఒక్క ఫోనులోనే కనిపించేలా సారు సర్దిపెట్టాడు. చదివాడు గానీ ఎందుకని అడగలేదు.

సోమవారం భాయ్ వచ్చేసరికి నేను అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"తొలిదినం ఫోన్ దిక్కే చూసి 'ఏమో' అన్నది. రెండోదినం చక్రం నొక్కలే. వాకర్ పట్టుకొని మెల్లగ వంటింట్లకు వచ్చింది. మీరు తిన్నరా అన్నది."

"మీరేమన్నరు?"

"అప్పటికే తిన్న. అయినా తినలేదన్న. ఇద్దరం కూసొని తిన్నం." చెప్పులు విడుస్తూ, "తర్వాత నేనే రాయించిన అని చెప్పిన. తిట్టింది చెల్లె. మస్తు తిట్టింది. చానా దినాలకు" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఆ తర్వాత పది రోజులు కూడా కాకముందే రావడం మానేశాడాయన. ఫోన్ చేశాను. "పొద్దుగాల ఆమెను నడిపియ్యాలె చెల్లె. ఇగ రాను. నేను చూద్దామనుకున్నది చూసిన" అన్నాడు. వెనకనుంచి ఎవరు ఎవరు అని ఆమె అడగడం వినిపించింది. సంతోషించాను. ఆ మాట నిజం. ఆ మధ్యాహ్నమంతా ఒక్క బొమ్మా వేయలేకపోయిందీ నిజమే.

నా పలకరింపు అందరికీ నచ్చిందనీ, ఇలాంటి మాటలు రాసేవాళ్లు ఆటలు చేసే ఒక కంపెనీకి కావాలనీ సారు చెప్పాడు. మూడు రోజులు ఆట తెరవనివాళ్లకు ఏం పంపాలో రాయమన్నాడు. 'నన్ను మరిచిపోయినవా?' అని రాసి, నా ఫోనులోనే పెట్టి చూసుకున్నాను. సరిగ్గా ఆ వారం జ్వరం వచ్చింది. గంజి కాచుకోవడం, పడుకోవడం, అంతే. నాలుగోరోజు మధ్యాహ్నం దిండు పక్కన ఫోన్ మోగింది. నన్ను మరిచిపోయినవా అని ఎవరో అడుగుతున్నారు.

రాసింది నేనే. నా వేళ్లతో నేనే కొట్టాను. అయినా చెయ్యి దానంతటదే పోయి ఆట తెరిచింది. చక్రాలు తిరుగుతుంటే నేనూ ఊపిరి బిగబట్టాను. ఫోన్ బోర్లా పెట్టి, దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

తగ్గాక వెళ్లి, "బొమ్మలేస్తా సార్. మాటలు రాయ" అన్నాను.

"మాటలకే కదా మేడం వాళ్లు మిమ్మల్ని అడుగుతున్నది."

"తెల్సు సార్."

ఆయన బలవంతపెట్టలేదు. ఆ కంపెనీతో మాట్లాడి బొమ్మల పని ఇప్పించాడు. అది తక్కువ పని. వారానికి మూడు రోజులు ఆ మూడో అంతస్తులోనే ఒక మూల కూర్చుని వేస్తాను. నా బొమ్మలు కూడా ఆ చక్రాలమీదే తిరుగుతాయని నాకు తెలుసు.

మొన్న ఒక చిలుక బాగా కుదిరింది, ముఖ్యంగా మెడ దగ్గర రంగు. ఎవరికైనా చూపిద్దామని పక్కకు తిరిగాను. పక్కన కూర్చునే, అల్వాల్ నుంచి వచ్చే కొత్త బ్యాచ్ ఆవిడ టీకి పోయింది. వచ్చేదాకా ఆగి చూపించాను. "బాగుందండి" అని ఆవిడ తన పనిలో పడింది. నేను చిలుకను సేవ్ చేసి, తర్వాతి బొమ్మ తెరిచాను.