అక్క గిన్నె

ఆ ఊరికి జనం సముద్రం చూడటానికి వస్తారంటారు గానీ అది వట్టి మాట. సముద్రాన్ని పది నిమిషాలు చూస్తారు, చెప్పుల్లో పడ్డ ఇసుక దులుపుకుంటారు, ఆ తర్వాత వాళ్ళకి కావలసింది ఒక్కటే. "ఇక్కడ ఎక్కడ తింటే బాగుంటుంది?" బస్టాండు ఎదురుగా ఉన్న ఇరవై రెండు గదుల లాడ్జిలో దిగినవాళ్ళు ఆ ప్రశ్న లాడ్జి అక్కని అడిగేవారు.

లాడ్జి అక్క అంటే కౌంటర్ దగ్గర కూర్చుని తాళాలిచ్చే మనిషి. యాభై దాటింది. చిన్నవాళ్ళకీ అక్కే, పెద్దవాళ్ళకీ అక్కే. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దయిన లాడ్జి యజమాని కూడా అక్కా అనే పిలిచేవాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండో దుప్పటి అడిగితే, మొదటిది ఏం చేశారని నిలదీస్తుంది. తిండి సంగతి ఎత్తితే మాత్రం మొహం చాటంత అవుతుంది. కారం పడుతుందా, ముళ్ళు తీసుకోవడం వచ్చా, పిల్లాడు ఏం తింటాడు అని డాక్టరులా ఆరా తీసి, అప్పుడు గానీ ఫలానా హోటల్‌కి వెళ్ళండని చెప్పదు.

అలా చెప్పడానికి ఆవిడకో పద్ధతి ఉంది. ఆ రోజు తను రుచి చూడని చోటికి ఆ రోజు ఎవర్నీ పంపదు. పొద్దున్న పదింటికి పనిలోకి వస్తూ రేవు వెనక సందులోంచి నడిచి వస్తుంది. నాలుగు హోటళ్ళ వంటగదుల వెనక గుమ్మాలు ఆ సందులోకే ఉన్నాయి. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి అరచెయ్యి చాపితే, వంటవాళ్ళు గరిటెతో కాస్త కూర అందులో వేస్తారు. నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ" అన్నదంటే ఆ పూట లాడ్జి జనం వాళ్ళకి వచ్చినట్టే. "ఇవాళ వద్దులే" అన్నదంటే రానట్టే. బతిమాలినా లాభం లేదు. అరచేతిలో పట్టినంతకన్నా ఎక్కడా ఎక్కువ తినలేదు, పొట్లం కట్టిస్తే పుచ్చుకోలేదు. ముందు గుమ్మంలోంచి వెళ్ళి బల్ల దగ్గర కూర్చోవడమైతే అసలే లేదు. "నేను కూర్చుంటే డబ్బులు పుచ్చుకోరు. ఊరికే తిన్న నోటితో బాగాలేదని ఎలా చెప్తాను?" అనేది.

వాళ్ళాయన ఓడల మరమ్మతు షెడ్డులో వెల్డరు. "నాకు ఉప్పు లేని కూర పెట్టి, ఊళ్ళో అందరి ఉప్పూ చూసొస్తుంది," అని నవ్వేవాడు. ఆయన మాటకేం గానీ, ఆవిడ లాడ్జిలో చేరిన ఈ పంతొమ్మిదేళ్ళలో ఆవిడ మాట విని వెళ్ళి కడుపు చెడగొట్టుకున్నవాడు లేడు. ఉన్నాడని ఆవిడకి తెలియదు, అంతే. ఆ తేడా తెలిసేసరికి మూడేళ్ళు పట్టింది.

నాలుగో గుమ్మం ఆవిడ తమ్ముడిది. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే, పద్దెనిమిదేళ్ళ అక్క ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటకి కుదిరి వాణ్ణి పెంచింది. చేప కొనడం చేయి పట్టుకుని నేర్పింది. "మొప్ప ఎత్తి చూడు, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. నీకు అనుమానం వస్తే వదిలెయ్, నీ అనుమానాన్ని ఇంకొకడి కంచంలో వెయ్యకు." వాడు హోటల్ పెట్టినప్పుడు ఆవిడ ఎక్కువ మురిసింది వాడి చేతి వంటకా, వాడు తన శిష్యుడైనందుకా అంటే చెప్పడం కష్టం. అయినా తమ్ముడని తక్కెడ వంచలేదు. బాగాలేని రోజు వాడికీ "వద్దులే" అనే చెప్పేది. అలా చెప్పగలిగినందుకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఈ మూడేళ్ళుగా వాడికి ఒక్కసారి కూడా వద్దనాల్సిన అవసరం రాలేదు. "మా వాడి చెయ్యి కుదిరింది," అని వెల్డరుతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పన్నెండో గదిలో దిగిన పెద్దావిడ మెట్లు దిగి వచ్చింది. కొడుకూ కోడలూ తెచ్చిన మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి. ముందురోజు వాళ్ళని తమ్ముడి హోటల్‌కి పంపింది అక్కే. పెద్దావిడ కౌంటర్ మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించింది.

"ఏమనుకోకు అమ్మాయ్. నిన్న నువ్వు పంపిన చోట చేప మంచిది కాదు. మూడు రోజులు ఐసులో పడుకున్న చేప."

"నిన్న పొద్దున్నే నేను రుచి చూశానండీ," అంది అక్క.

"నువ్వేం చూశావో నాకు తెలీదు. మా కంచంలోకి వచ్చింది మాత్రం నిలవది. కారం, పులుపు దిట్టంగా వేసి మూసిపెట్టారు. నలభై ఏళ్ళు చేపలమ్మినదాన్ని, ఆమాత్రం తెలీదా?"

అక్కకి ఒళ్ళు మండిపోయింది. "నలభై ఏళ్ళు అమ్మితే ముక్కుకి నీచు పట్టేసుంటుంది. ఇక వాసనలేం తెలుస్తాయి మీకు?" అనేసింది. వెనకే దిగి వచ్చి నిలబడ్డ కోడలి మొహం మాడిపోయింది. పెద్దావిడ మాత్రం అక్క వంక జాలిగా చూసి, "సరేలేమ్మా," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ జాలి చూపే అక్కని కూర్చోనివ్వలేదు. తిట్టి ఉంటే తిట్టుకి తిట్టు చెల్లేది. గదులు ఊడ్చే అమ్మాయిని కాసేపు కౌంటర్ చూడమని, పైట భుజం మీదుగా కప్పుకుని, తమ్ముడి హోటల్‌కి నడిచింది. పెద్దావిడ మాట అబద్ధమని రుజువు చేసి రావాలని మాత్రమే వెళ్ళింది. అందుకే వెనక సందు వదిలి రోడ్డు వైపు నుంచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందు గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టింది.

హాలు కిటకిటలాడుతోంది. వడ్డించేవాళ్ళు ఎప్పుడూ ముందువైపే ఉంటారు, వెనక గుమ్మానికి వచ్చే అక్కని వాళ్ళెవరూ చూసెరగరు. నడివయసు వడ్డన మనిషి ఒకడు ఆవిడని గోడవారగా కూర్చోబెట్టి, అన్నం, చేప కూర తెచ్చి పెట్టాడు. మొదటి ముక్క విరిచింది. పొరలు పొరలుగా విడాల్సిన చేప పిండిలా నలిగింది. నోట్లో పెట్టుకుంది. కారం అంటుకుంది, పులుపు అంటుకుంది, వాటి కింద నుంచి నెమ్మదిగా ఆ రుచి వచ్చింది. పొద్దున్న ఇదే వంటగది గుమ్మంలో అరచేతిలో పడ్డ కూరకీ దీనికీ చుట్టరికమే లేదు.

పొరపాటున ఏదో పాత గిన్నెలోది వచ్చి ఉంటుందిలే అనుకుంది పిచ్చిది. వడ్డన మనిషిని పిలిచి, "బాబూ, పొద్దున్న వండిన కూర ఉంటుంది చూడు, అది తీసుకురా," అంది.

వాడు లోపలికెళ్ళి వచ్చాడు. "అది అమ్మడానికి కాదండీ. అది అక్క గిన్నె."

"అక్క గిన్నా? అక్కెవరు?"

"ఎవరో లాడ్జిలో ఉంటుందటండీ ఒకావిడ. పెద్ద మాటకారిట. ఆవిడ రుచి చూసి ఊఁ అంటేనే జనాన్ని పంపుతుందట. అందుకని ఆవిడకి రోజూ ఒక చేప తాజాది తెచ్చి విడిగా వండుతారు." చెప్తూ చెప్తూ నవ్వాడు. అది హోటల్ వాళ్ళ తెలివిని మెచ్చుకునే నవ్వు. "నేను చేరి ఎనిమిది నెలలండీ. అప్పటికే ఉంది ఆ గిన్నె."

అక్కకి తల కొట్టేసినట్టయింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈవిడ రోజూ వాడి గుమ్మంలో నిలబడి, వాడి చేతి కూర నాకి, వాడికి మంచివాడని చీటీ రాసిచ్చి వచ్చింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి వంటగదిలోకి వెళ్ళింది.

పొయ్యి పక్కన అరలో చిన్న సత్తు గిన్నె, మీద మూత. గిన్నెలు తోమే ఆవిడ అక్కని చూడగానే కుళాయి కట్టేసి, తల వంచుకుని అవతలికి వెళ్ళిపోయింది. ఆవిడకీ తెలుసు. పొయ్యి ముందున్న వంటవాడికీ తెలుసు. ఎన్నిసార్లు ఈ వంటవాడు "ఎలా ఉందక్కా?" అని ఆత్రంగా అడిగాడో, తను ఎంత గంభీరంగా కళ్ళు మూసుకుందో గుర్తొచ్చి, సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తమ్ముడు గబగబా వచ్చాడు. ముందు పాలిపోయాడు, తర్వాత నవ్వాడు. "ఏంటక్కా, చెప్పకుండా వచ్చావు? కూర్చో, వేడిగా పెట్టిస్తాను."

"ఎన్నాళ్ళుగా రా?"

వాడు వంటవాణ్ణి బయటికి పొమ్మని సైగ చేశాడు. "అక్కా, మూడేళ్ళ కిందట ఆ తుఫాను వారం గుర్తుందా? వరసగా నాలుగు రోజులు వద్దన్నావు. హాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను."

"మిగతా ముగ్గురికీ వద్దన్నాను కదరా!"

"వాళ్ళకి నువ్వు అక్కవి కాదుగా."

వాడే అందుకున్నాడు. ఒకసారి మొదలుపెట్టాక వాడికి ధైర్యం వచ్చినట్టుంది. "ఒట్టేసి చెప్తున్నా, నీకు ఒక్కనాడైనా నిలవ ముక్క పెట్టానా? తెల్లారకుండా రేవుకెళ్ళి, నువ్వు చెప్పినట్టే మొప్పలు చూసి, నీకోసం ఏరి తెచ్చేవాణ్ణి. వచ్చే జనానికి అంత తేడా తెలీదక్కా. నువ్వు చెప్పావని వస్తారు, నువ్వు చెప్పావు కాబట్టి బాగుందనుకుని తింటారు. ఎవరికి నష్టం?"

"నమ్మించి గొంతు కోశావు కదరా," అంది అక్క. "మొప్ప చూడటం నేర్పింది ఇందుకా? నాకొక్కదానికి చూడమనా?"

"ఊరికే పెద్దది చెయ్యకు," అన్నాడు తమ్ముడు. "సాయంత్రం మాట్లాడుకుందాం. హాలు నిండుగా ఉంది."

వెనక గుమ్మంలోంచి బయటపడింది. పక్క హోటల్ గుమ్మంలో కూరగాయల బుట్ట ముందేసుకుని అక్కడి వంట పిన్ని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుగా పొయ్యి వదలని మనిషి, ఎవరికీ భయపడదు. అక్క మొహం చూడగానే విషయం గ్రహించింది.

"తెలిసిందా?" అంది.

"నీకూ తెలుసా పిన్నీ?"

"సందు మొత్తానికి తెలుసు."

"మరి నాకొక్క మాట చెప్పొచ్చుగా! రోజూ నీ గుమ్మం ముందు నిలబడతానే."

పిన్ని కత్తి పక్కన పెట్టింది. మొదటిసారి ఆవిడ కళ్ళల్లో బెదురు కనపడింది. "నీకేం చెప్తామమ్మా. మీరిద్దరూ కలిసే చేస్తున్నారనుకున్నాం. ఎంతైనా తమ్ముడు గదా అని."

తమ్ముడి మాటలకి రాని ఏడుపు అక్కడ వచ్చింది. మూడేళ్ళుగా ప్రతి గుమ్మం దగ్గరా చెయ్యి చాపి, ఉప్పు తగ్గిందనీ, నూనె ఎక్కువైందనీ నీతులు చెప్పింది. వీళ్ళంతా ఆ చేతిలో కూర వేస్తూ, లోపల ఏమనుకున్నారో! దొంగ అనుకున్నారు. దొంగ అనుకుంటూనే, జనం రాకుండా పోతారేమోనని "రా అక్కా, రా" అన్నారు. సందు చివరిదాకా గోడ పట్టుకుని నడిచింది.

లాడ్జికి వచ్చేసరికి నాలుగైంది. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, నేరుగా పన్నెండో గది తలుపు తట్టింది. పెద్దావిడే తీసింది.

"మీరన్నది నిజమండీ. ఇప్పుడే తిని వచ్చాను. మీ ముక్కుని అన్నందుకు నా చెంప పగలగొట్టండి."

"పోనీలే తల్లీ," అంది పెద్దావిడ. "ఎవరిది ఆ హోటల్, నీకు కావలసినవాళ్ళదా?"

అక్క మెట్లు దిగి కిందికి వచ్చేసింది. కింద పన్నెండు మంది టీచర్లు పెట్టెలతో దిగి ఉన్నారు. యాత్రకి బయల్దేరిన జట్టు, ఒకటే గోల. ఎవరికి ఏ గదో రాసి తాళాలు ఇస్తుంటే, వాళ్ళలో లావుపాటి ఆయన చేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు. "అక్కగారంటే మీరేనా? మా వాళ్ళు చెప్పారు, ఈ ఊళ్ళో మిమ్మల్ని అడిగే తినాలట. రేవు వెనక ఏదో హోటల్ ఉందటగా, చేప కూర చాలా బాగుంటుందటగా?"

అంతలోనే కౌంటర్ మీద ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, కోపం తగ్గిందా?" గొంతు మామూలుగానే ఉంది, కాస్త గారంగా కూడా ఉంది. "పన్నెండు మంది దిగారటగా మీ దగ్గర. బస్సు డ్రైవర్ చెప్పాడు. రాత్రికి పంపిస్తున్నావా? బల్లలు ఆపి ఉంచమంటావా?"

మధ్యాహ్నం నుంచీ ఆవిడ మనసులో ఓ మూల చిన్న ఆశ ఉంది. వాడు ఆలోచించుకుంటాడు, సిగ్గుపడతాడు, సాయంత్రం తలుపు దగ్గర నిలబడతాడు అని. వాడు బల్లల సంగతి అడిగాడు.

అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. రిసీవర్‌ని కౌంటర్ మీద పడుకోబెట్టింది. తమ్ముడు "హలో, హలో" అనడం అందులోంచి సన్నగా వినపడుతూనే ఉంది.

"అక్కడికి వెళ్ళకండి," అంది టీచర్లతో. "ఆ హోటల్ మా తమ్ముడిది. నాకు మంచి చేప పెట్టి నా చేత బాగుందనిపించుకుని, నా మాట మీద వచ్చినవాళ్ళకి నిలవ చేప పెట్టాడు. మూడేళ్ళు పెట్టాడు. నేనే పంపాను, అందరినీ నేనే పంపాను. ఈ మాట మీ ఊళ్ళో కూడా చెప్పండి."

లావుపాటాయన చేతులు రుద్దుకోవడం మానేశాడు. రిసీవర్లోంచి వస్తున్న హలోలు కూడా ఆగిపోయాయి. అక్క దాన్ని తీసి చెవికి పెట్టుకుంది. అవతల వాడు పెట్టెయ్యలేదు, గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక ఏడుపు ఆపుకోడానికి వాడు అలాగే పీల్చేవాడు.

"విన్నావా?" అని అడిగింది.

"నేను నీ తమ్ముణ్ణక్కా," అన్నాడు వాడు.

"అవున్రా. అది కూడా చెప్పాను వాళ్ళకి," అని అక్క ఫోన్ పెట్టేసి, ఎవరికో ఇవ్వాల్సిన పధ్నాలుగో గది తాళం కోసం వెతికింది. అది తన చేతిలోనే ఉంది.