గీతలు లేని బొటనవేలు

ఆరేళ్ళుగా ఒక వేలిముద్రను మోస్తున్నాను. కాగితం మీద సిరా మచ్చకు బరువేముంటుంది అనకండి. పొద్దున్నే నల్లకోటు తొడుక్కునేటప్పుడు భుజాల మీద ముందు పడేది అదే. ఇంట్లో చెప్పలేదు. కోర్టులో చెప్పే ధైర్యం ఎలాగూ లేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నేనెలాంటివాణ్ణో ఈ ఒక్క మాటతోనే సగం అర్థమై ఉంటుంది.

నేను నోటరీని. గోరంట్ల వైపు పల్లెల నుంచి బస్సు దిగే జనంతో నడిచే ఒక చిన్న కోర్టు ఎదుట, రేకుల కింద నా బల్ల. ప్రమాణపత్రం మీద సంతకమో వేలిముద్రో వేసే మనిషి ఫలానా మనిషేనని చూసుకుని ముద్ర కొట్టడం నా పని. అందులో పెద్ద విద్యేమీ లేదు. అయినా దసరాకు ఆ ముద్రకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళకద్దుకుంటాను. మొన్న దసరాకూ అద్దుకున్నాను. సిగ్గులేనివాడికి భక్తి ఎక్కువ.

గుర్తింపు కార్డు తెచ్చినవాళ్ళతో చిక్కు లేదు. లేనివాళ్ళతోనే ఉంది. మా సీనియరు దానికొక పద్ధతి పెట్టుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళను టీ అంగడికి తరిమేసేవాడు. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి, మీ ఇంటిని ఆనుకుని ఎవరిల్లుంది, మీ అమ్మది ఏ ఊరు, ఈ కాగితంలో ఏం రాసుంది అని అడిగేవాడు. ఆ తర్వాత ఆ ఊరివాళ్ళలో తనకు బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు దొరికేదాకా ముద్ర బయటికి తీసేవాడు కాదు. వాళ్ళు వచ్చి, ‘పై వ్యక్తిని నేనెరుగుదును’ అని రాసి సంతకం చేయాలి. ఒక్క పత్రానికి ఒక పూట పట్టేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆయన పోయాక బల్ల నాకొచ్చింది. పద్ధతిని నేను దగ్గరికి రానివ్వలేదు.

ఆ రోజు మా వైపు కాస్త పలుకుబడి ఉన్న మాజీ సర్పంచి ఒకడు వచ్చాడు. వెంట ఒక రైతు, నెత్తిన కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి. ఆమె రైతు చెల్లెలన్నారు. తండ్రి పోయాడు. మూడెకరాల మెట్ట మిగిలింది. వానొస్తే శెనక్కాయ, రాకుంటే రాళ్ళు. ఎవరూ కన్నెత్తి చూడని ఆ నేలను సోలారు వాళ్ళు కౌలుకడిగేసరికి అన్నకు చెల్లెలు గుర్తొచ్చింది. నాకు వాటా వద్దు, పాసుపుస్తకం మా అన్న పేరున చేసినా అభ్యంతరం లేదు అని ఆమె ప్రమాణం చేయాలి. కార్డేదంటే లేదన్నారు. హిందూపురం దగ్గర పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే పనట. వేళ్ళరిగిపోయి ఆధార్ మిషన్‌లో పడవట.

నమ్మాను. నమ్మదగిన మాటే. మా అమ్మదీ అదే పని. సలసల కాగే నీళ్ళలో చేతులు పెట్టి నన్ను లా చదివించింది. రేషన్ అంగడి మిషన్ ఆమె వేలిని ఏనాడూ ఒప్పుకోలేదు.

సీనియరు పద్ధతి గుర్తుకు రాలేదా? వచ్చింది. వాళ్ళను బయటికి పంపి ఆమెను రెండు మాటలు అడిగితే సరిపోయేది. ఈలోగా సర్పంచి నా కుర్చీ మీద చెయ్యేసి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టు, “ఏమప్పా, ఊరికే బెదురుతాండావు, ఈ లాయరు మనోడేలే” అన్నాడు రైతుతో. మనోడు! ఆ ఒక్క మాటకు పొంగిపోయాను. లంచం తీసుకున్నాననుకుంటారేమో, లేదు. ఎప్పటి ఫీజే. అమ్ముడుపోయినవాడికి కనీసం ఒక ధరైనా ఉంటుంది.

ఆమె బొటనవేలు పట్టుకుని రిజిస్టరులో నేనే ఒత్తించాను. గీతలన్నీ పడ్డాయి. మధ్యలో సుడితో సహా, ఎక్కడా తెగకుండా. ఆ వేలు ఒక్క నెలైనా మరిగే నీళ్ళలో నానలేదు. ఆ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఒక్క క్షణం ఆగాను. తొందరలో చూడలేదనీ, భోజనాల వేళయిందనీ తర్వాత నాకు నేను ఎన్ని సాకులు చెప్పుకున్నా, ఆగాను కాబట్టి చూశాను, చూశాను కాబట్టి తెలుసు. తెలిసే ముద్ర కొట్టాను.

మూడేళ్ళకు అసలు చెల్లెలు వచ్చింది. ఒంటరిగా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో.

“సార్, నేను మీ తావకు ఎప్పుడూ రాలేదు. వేలూ ఎయ్యలేదు. మా వదినను తెచ్చి ఏయించినాడంట మా యన్న.”

“రిజిస్టరులో ఉందమ్మా. నీ వేలిముద్రే.”

“యాడ? చూపీ సార్.”

చదువు రానిది, ఏం చూస్తుందిలే అని తెరిచి చూపించాను. వంగి చూసింది. నన్నడగకుండానే సిరా డబ్బాలో బొటనవేలు అద్ది, బల్ల మీదున్న తెల్లకాగితంపై ఒత్తింది. నల్లటి ముద్ద. ఒక్క గీత లేదు.

“నా యేలికి గీతలు పోయి ఎన్నేండ్లాయెనో. ఈడ చూస్తే ఇన్ని గీతలుండాయి. ఇది నాదెట్లయితాది సార్?”

లా చదివిన నేను కళ్ళు మూసుకున్న చోట ఆమె చదివేసింది. అప్పుడైనా నోరు మూసుకున్నానా?

“గీతల్లేని వేలు ఎవరిదైనా కావచ్చు. అసలు నువ్వే ఆమెవని ఏం నమ్మకం? ముందు గుర్తింపు కార్డు తీసుకురా, పో.”

ఆమె ప్లాస్టిక్ సంచి చేతికి తీసుకుంది.

“ఆ పొద్దు మా వదినను అడిగినారా సార్, కార్డు?”

నేను ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను. ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. “మా నాయన చేన్లోకి పోతే ఎవురు నువ్వంటాండాడు సోలారోళ్ళ వాచ్‌మ్యాను. మీరూ అదే అంటాండారు” అని బస్సుకు వెళ్ళిపోయింది.

ఆమె అర్జీ ఇప్పటికీ రెవెన్యూ ఆఫీసులో తిరుగుతూనే ఉంది. నా సంజాయిషీ అడిగితే, రిజిస్టరు ప్రకారం అంతా సక్రమమని రాసిచ్చాను. మంచి దస్తూరీతో. ముద్ర కూడా కొట్టాను. ఆ రోజు వేలు పట్టింది నేనేనని, గీతలు చూశానని ఒక్క మాట చెబితే ఆమె నేల ఆమెకు దక్కే దారి ఉంది. నా లైసెన్సు పోతుంది. నన్ను మనోడన్నవాడు రేపు మరొకణ్ణి అంటాడు. ఇంతకన్నా పోయేదేముంది? అయినా చెప్పలేదు. మా అమ్మ చేతులు తలుచుకుని ఏడ్చానని రాద్దామనుకున్నాను. ఏడవలేదు. అబద్ధాలు చాలు.

ఆమె ఒత్తిన తెల్లకాగితం పారేయలేదు. ఇప్పుడు నా ముందుంది. ఆ నల్లటి ముద్ద కింద ఇందాకే ఒక వాక్యం రాశాను. ‘పై వేలిముద్ర వేసిన ఆమెను నేనెరుగుదును.’

సంతకం పెట్టలేదు. ముద్ర కొట్టలేదు. పేరు లేని కాగితం ఏ ఆఫీసులోనూ చెల్లదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా రాయగానే గుండె తేలికైంది. ఆమెకు సెంటు నేల రాలేదు. నాకు మాత్రం తేలికైంది.