పెట్టె ఒక్కటే బొంబాయి చేరింది

పెళ్లయిన రెండో ఏడు మా ఆయన బొంబాయిలో ఒక విమాన కంపెనీలో మెకానిక్‌గా చేరారు. నాకు అంతకుముందే బాన్సువాడ ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సర్కారు కొలువు వదలొద్దని అటువాళ్లూ ఇటువాళ్లూ అన్నారు. అలా ఆయన అక్కడ, నేను ఇక్కడ. డెబ్బైల్లో చాలా భాగం అట్లాగే గడిచింది. ఆయన దసరాకు వచ్చి వారం ఉండి వెళ్లేవారు.

ఉద్యోగి భార్యకు కంపెనీ ఏడాదికోసారి ఉచితంగా విమానం పాసు ఇచ్చేది. పాసు ఉన్నంతమాత్రాన సీటు ఉన్నట్టు కాదు. టికెట్టు కొన్నవాళ్లందరూ ఎక్కాక ఖాళీ మిగిలితేనే మమ్మల్ని పిలిచేవారు. దాన్ని స్టాండ్‌బై అనేవారు. నాకు సెలవులుండేది ఎండాకాలంలో. జనమంతా విమానాలెక్కేదీ అప్పుడే. సీట్లు ఖాళీగా పోయే రోజుల్లో నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతూ ఉండేదాన్ని.

మా ఇంటి యజమానురాలు బట్టల దుకాణం సాయెబు గారి భార్య. "మీకేం ఫికర్ టీచరమ్మా, పొద్దుగాల ఈడ చాయ్ తాగి, పగటీలికి బొంబాయిల ఉంటరు" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అప్పటికే రెండు వేసవులు హైదరాబాద్ దాకా వెళ్లి, సీటు దొరక్క తిరిగొచ్చాను. అడిగినవాళ్లకు చుట్టాలింటికి వెళ్లొచ్చానని చెప్పాను.

మూడో వేసవి కూడా బయల్దేరాను. రేకు పెట్టెలో నాలుగు చీరలు, కొత్తగా పెట్టిన మామిడికాయ తొక్కు ఉన్నాయి. రెండు రోజులు విమానాశ్రయంలో పొద్దంతా కూర్చున్నా నన్ను పిలవలేదు. మూడో రోజు కౌంటర్లో అతను చెయ్యూపాడు.

"అమ్మా, ఒక్క సీటుంది. తొందరగా రండి."

పెట్టె వాళ్లే తీసుకున్నారు. పరుగులాంటి నడకతో వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాను. విమానం ఎక్కడం అదే మొదలు. నడుముకు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో పక్కావిడ చూపించింది. ఆయన ఎదురొస్తే ముందేం మాట్లాడాలా అని ఆలోచిస్తుండగా కౌంటరతనే లోపలికొచ్చి నా పక్కన వంగాడు.

"ఏమనుకోకండమ్మా. టికెట్టున్న ఆయన వచ్చేశారు. మీరు దిగాలి."

"మరి నా పెట్టె?"

"అది కింద ఎక్కించేశారు. తీసే టైం లేదు. అక్కడ మీవారికి అందుతుంది."

బెల్టు విప్పడం నాకు రాలేదు. అతనే విప్పాడు. మెట్లు దిగుతుంటే కోటు వేసుకున్నాయన ఎదురెక్కుతూ, నా మొహం చూడకుండా "సారీ" అన్నాడు. విమానం కనిపించినంతసేపూ ఎండలోనే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. చేతిలో బరువు లేకపోవడమే వింతగా అనిపించింది.

మర్నాడు ఉత్త చేతిసంచితో బాన్సువాడలో బస్సు దిగాను. ఈసారి ఇంటావిడకు అబద్ధం చెప్పలేకపోయాను. అంతా విని, "గదేంది టీచరమ్మా, పెట్టెకు సీటు దొరికె, మీకు దొరకకపాయె" అంది. తర్వాత కూర గిన్నె తెచ్చి పెట్టి పోయింది.

వారానికి ఆయన ఉత్తరం వచ్చింది. "నీ పెట్టె వచ్చింది. అందరూ దిగినంక కూడా చానసేపు నిలబడ్డ. చీరెలు పెట్టెల ముక్కిపోతయని తీసి తాడు మీద ఆరేసిన." అంతే రాశారు.

విమానం ఉచితంగా ఉంటే రైలెందుకని అత్తగారింట్లో అనేవారు. ఆ రోజు ఎవర్నీ అడగలేదు. నిజామాబాద్ వెళ్లి రైలెక్కి, మన్మాడులో బండి మారి, బొంబాయి చేరాను. ఆయన గది తలుపు తీసేసరికి నా చీరలు నాలుగూ తాడుమీద ఉన్నాయి. తొక్కు జాడీకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

"తినలేదేంది?" అన్నాను.

"నువ్వొచ్చినంక తిందామనుకున్న."

"రాకపోతే?"

ఆయన అన్నం వండడానికి లేచారు. పన్నెండు రోజులుండి, మళ్లీ రైల్లోనే వచ్చేశాను. ఆ తర్వాత పాసు తెప్పించుకోలేదు.

ఎనభైల్లో ఆయనకు హైదరాబాద్ బదిలీ అయింది. శనివారం సాయంత్రం బస్సులో వచ్చేవారు. కలిసి ఉండటం మాకిద్దరికీ చేతకాలేదు. ఆయన కంచం ఆయనే కడుక్కునేవారు. నేను మంచం నిండా జవాబు పేపర్లు పరుచుకుంటే, ఆయన వాకిట్లో నిలబడి రేడియో వినేవారు. ఒక్కోసారి మరిచిపోయి నా ఒక్కదానికే బియ్యం కడిగేదాన్ని.

ఒక ఆదివారం లోపలికొచ్చి గడపమీద కూర్చున్నారు.

"గిన్నేండ్లు ఒక్కదానివే ఉన్నవు. భయం కాలేదా?"

"మొదట్ల అయింది. ఇగ అలవాటైంది."

ఆయన నేలకేసి చూశారు. "నాకు అలవాటు కాలే" అన్నారు.

పేపర్లు ఓ పక్కకు జరిపి మంచంమీద చోటు చేశాను. వచ్చి కూర్చున్నారు.