చంద్రమ్మ చుట్టిన పెద్ద పిప్పరమెంటు

ఛత్రినాకలో చంద్రమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పేవారు కాదు. "నారింజ వాసనొచ్చే గల్లీలకు మలుగు, గంతే" అనేవారు.

లాల్‌దర్వాజా వెనక ప్రహ్లాద్ సేటుకు చిన్న నారింజ పిప్పరమెంట్ల కార్ఖానా ఉండేది. బిళ్ళలు పోసి ఆరబెట్టడం వరకే అక్కడ జరిగేది. వాటికి కాగితాలు చుట్టడం చుట్టుపక్కల ఇళ్లలోని ఆడవాళ్ల పని. పొద్దున రేకుడబ్బా నిండా బిళ్ళలూ, ఒక కాగితాల కట్టా ఇంటికి తెచ్చుకుని, చుట్టి, సాయంత్రానికి అప్పజెప్పి రావాలి. చంద్రమ్మ పెళ్లయి ఆ గల్లీకి వచ్చిన ఏడాదే ఈ పనిలో చేరింది. పక్కింటి టీవీలో సీరియల్ చూస్తూ, కూర మాడకుండా ఓ కన్ను పొయ్యి మీద వేసి, వచ్చినవాళ్లతో ముచ్చట పెడుతూ చుట్టేది. చేతుల వంక చూసేదే కాదు. చీమల బాధ పడలేక మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టుకున్న ఇల్లు వాళ్లది. ఆమె బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్లు సంచీలో నారింజ పండ్లున్నాయేమోనని తొంగి చూసేవారు.

భర్త ఆగయ్య ఇళ్లకు సున్నాలూ రంగులూ వేసేవాడు. మాట తక్కువ మనిషి. మాట్లాడే పనంతా భార్యకే వదిలేశాడని గల్లీలో అనుకునేవారు. వాళ్లకు ఒక్కతే కూతురు, వీణ. లాల్‌దర్వాజాలోని ఒక బడిలో ఏడో తరగతి చదువుతోంది.

1997 చలికాలంలో ఆ బడిలో ఎగ్జిబిషన్ పెట్టారు. లెక్కల టీచరు కమలకుమారి, రాజమండ్రి వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డావిడ, ఏడో తరగతివాళ్లకు ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఇంట్లో ఉన్న ఏదైనా చిన్న వస్తువును తీసుకోవాలి. దాన్ని కొలిచి, అన్ని కొలతలనూ ఒకే నిష్పత్తిలో పెంచి, పెద్ద నమూనా చెయ్యాలి. చివరి బెంచీలో కూర్చున్నవాడికి కూడా అదేమిటో తెలియాలి.

వీణ ఇంటికొచ్చి రబ్బరు చేస్తానంది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు.

"రబ్బరేంది బిడ్డా" అంది చంద్రమ్మ, బిళ్ళలు చుడుతూనే. "ఇంటి నిండ పిప్పరమెంట్లు వెట్టుకొని."

వీణ పుస్తకం తెరిచి మూసింది. మళ్లీ తెరిచింది.

"ఏందే, ఏమైంది?"

"బడిల నన్ను పిప్పరమెంట్ అనే పిలుస్తరు" అంది వీణ. "నా బట్టలు వాసనొస్తయంట. గదే చేసుకపోతె ఇంక నన్ను ఇడుస్తరా?"

చంద్రమ్మ చేతులు ఆగాయి. అవి ఆగడం ఆ ఇంట్లో అరుదు. కూతురి గౌను అంచు పట్టుకుని వాసన చూసింది. తన ముక్కు ఆ వాసనకు ఎప్పుడో అలవాటు పడిపోయింది, ఏమీ తెలియలేదు. నెమ్మదిగా నవ్వింది.

"సూడు, చిన్న పిప్పరమెంటైతె జేబుల ఏసుకుంటరు, నోట్లె ఏసుకుంటరు. నీ అంత పెద్దగుంటె ఏం జేస్తరు? పక్కకు జరిగి తొవ్వ ఇస్తరు."

వీణకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుని పుస్తకం అడ్డం పెట్టుకుంది. మరి కాసేపటికి స్కేలు తెచ్చి డబ్బాలోంచి ఒక పిప్పరమెంటు తీసుకుంది.

బిళ్ళ అడ్డంగా రెండు సెంటీమీటర్లుంది. రెండు పక్కలా మెలికలతో కలిపితే ఆరు. ముప్ఫై రెట్లు పెంచుదామంది వీణ. లెక్క కట్టి చూస్తే బిళ్ళ ఒక్కటే పెద్ద గంగాళమంత అవుతుంది, మెలికల కొసనుంచి కొస దాకా ఆగయ్య కంటే పొడుగవుతుంది. ఆగయ్య గోడకు చేరగిలబడి ఆ లెక్క విని, "ఇంట్ల పడ్తదా?" అన్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడిన మాట అదొక్కటే. కానీ మర్నాడు పని నుంచి వస్తూ భుజాన వెదురు మోసుకొచ్చాడు.

ఆ ఆదివారమంతా గల్లీలోనే పని. ఆగయ్య వెదురును బద్దలుగా చీల్చి, వంచి, దారంతో కట్టి బిళ్ళ ఆకారం తెచ్చాడు. చంద్రమ్మ మైదాపిండి ఉడికించి లై కాచింది. పాత పేపర్లు పొర మీద పొర అంటించారు. ఆరాక ఆగయ్య సున్నం పూత వేసి, దాని మీద నారింజ రంగు పూశాడు. చేతిపని ఎంత నున్నగా వచ్చిందంటే, పక్కింటావిడ వేలితో గీరి ఆ వేలు నాకి చూసింది. అందరూ నవ్వితే, "తెల్వక జేసిన" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక చుట్టే కాగితం కావాలి. అంత పెద్ద మెరుపు కాగితం ఛత్రినాకలో దొరకదు. తల్లీకూతుళ్లు లాడ్ బజార్ వెళ్లారు. గాజుల దుకాణాల మధ్య, పెళ్లిళ్లకు పళ్లేలు అలంకరించే సామాను అమ్మే కొట్టు ఒకటుంది. కొట్టతను మెరుపు కాగితాల చుట్టలు విప్పి పరిచి, "కిస్‌కీ షాదీ హై, అమ్మా?" అని పెళ్లెవరిదో అడిగాడు.

"షాదీ గాదు భాయ్. పిప్పరమెంటుకు గావాలె."

అతను సరిగా వినలేదేమోననుకుని మళ్లీ అడిగాడు. చంద్రమ్మ చేతులు బారగా చాపి ఎంత పిప్పరమెంటో చూపించింది. అతను ఆ చేతుల వైపు చూసి, లోపలికి వెళ్లి అన్నిటికంటే పెద్ద చుట్ట పట్టుకొచ్చాడు.

అసలు లొల్లి మెలిక దగ్గర వచ్చింది. బిళ్ళను కాగితంలో చుట్టి, ఒక కొస చంద్రమ్మ, రెండో కొస ఆగయ్య పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. చంద్రమ్మ తిప్పింది. ఆగయ్య ఆమెను చూసి, అద్దంలో బొమ్మలా, ఆమె చెయ్యి ఎటు పోతే తన చెయ్యీ అటే తిప్పాడు. మెలిక పడలేదు. పిప్పరమెంటు మొత్తం గుండ్రంగా దొర్లింది. మళ్లీ తిప్పారు, మళ్లీ దొర్లింది. గల్లీ పిల్లలు పడీపడీ నవ్వారు.

"నా దిక్కు సూడకు" అంది చంద్రమ్మ. "కండ్లు మూసుకో. మూసుకొని, నీ కుడి దిక్కుకు తిప్పు. నేను నా కుడి దిక్కుకు తిప్పుత."

ఆగయ్య కళ్లు మూసుకుని తిప్పాడు. రెండు పక్కలా మెలిక బిగిసింది. చేతులు వదలగానే గిర్రున విడిపోయింది. ఆగయ్య దారం కడదామన్నాడు. వీణ ఒప్పుకోలేదు. అసలుదానికి దారం లేదు, దీనికీ ఉండకూడదంది. చంద్రమ్మ డబ్బాలోంచి ఒక చిన్న కాగితం తీసి వేళ్లతో నలిపి చూసింది. అన్నేళ్లుగా చుడుతున్నా, ఆ కాగితానికి మైనం పూత ఉంటుందని ఎన్నడూ తలచుకోలేదు. కొవ్వొత్తి తెచ్చి మెలిక పడే చోట బాగా రుద్దించింది. ఈసారి తిప్పితే నిలిచింది.

ఎగ్జిబిషన్ మొదటి రోజు దాన్ని ఏ ఆటోవాడూ ఎక్కించుకోలేదు. ఆగయ్య నెత్తిన పెట్టుకుని నడిచాడు. ముందు వీణ, వెనక చంద్రమ్మ. కిరాణా కొట్ల వాళ్లు బయటికొచ్చి చూశారు. ఒకాయన, "ఏందన్నా గది, ఏ సినిమాకు?" అని అడిగాడు. అక్కణ్నుంచి బడి చేరే దాకా ఆగయ్య నడక మారిపోయిందనీ, పెళ్లిలో కూడా అంత ఠీవిగా నడవలేదనీ చంద్రమ్మ తర్వాత అందరికీ చెప్పేది.

బడిలో సూదులున్నాయి, బొత్తాలున్నాయి, అట్టతో చేసిన అగ్గిపెట్టెలు నాలుగున్నాయి. చిన్న తరగతుల పిల్లలు మాత్రం పిప్పరమెంటు దగ్గరే గుమిగూడారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"అక్కా, లోపల బిళ్ళ ఉన్నదా?"

వీణ మొదట లేదని చెప్పబోయింది. కానీ ఆ ముఖాలు చూసి నోరు రాలేదు. "ఉన్నది" అనేసింది. "రేపు చూపిస్త" అని కూడా అంది.

మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి తల్లికి చెప్పింది. చంద్రమ్మ తిట్టలేదు. కొంగు బిగించి కార్ఖానాకు వెళ్లింది. అచ్చులో సరిగా పడని బిళ్ళలు, అంచులు విరిగినవి అక్కడ ఓ మూల గోనెసంచీలో పడి ఉండేవి.

"సేటూ, గవి ఇయ్యరాదా?" అంది. "బడి పోరగాండ్లకు."

"నా సరుకు ఒంకరగున్నదని ఊరంత తెలుస్తది చంద్రమ్మా" అన్నాడు ప్రహ్లాద్ సేటు.

"ఒంకరగున్నదని ఎవలంటరు సేటూ? తియ్యగున్నదంటరు."

సేటు ఆలోచించాడు. తనను కూడా వచ్చి చూడనిస్తేనే ఇస్తానన్నాడు. ఆ సాయంత్రమే ఆమె బడికి పోయి, మెలిక కాస్త వదులు చేసి, చిన్న కన్నం పెట్టి, బిళ్ళలన్నీ లోపల పోసి మళ్లీ బిగించింది. లైతో అంటించిన కాగితం అంత బరువు మొయ్యగలదా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మర్నాడు బహుమతులు నిర్ణయించే పెద్దలు వచ్చారు. ప్రహ్లాద్ సేటు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓ పక్కన నిలబడ్డాడు. వీణ కొలతలన్నీ తడబడకుండా చెప్పింది. కమలకుమారి టీచరు సంబరపడి, వెనకవాళ్లకు కనిపించాలని పిప్పరమెంటును రెండు చేతులతో పైకెత్తింది. నిన్నటికి ఇవాళ్టికి ఇంత బరువు ఎలా పెరిగిందా అని ఆవిడ ముఖంలో అనుమానం కనిపించింది. అప్పుడే అడుగు భాగం చిరిగింది. బిళ్ళలు జలజలా ఆవిడ పాదాల మీద, బెంచీల మీద, గది నిండా పడ్డాయి.

చిన్న తరగతుల పిల్లలందరూ ఒక్కసారిగా నేల మీదకు దూకారు. వచ్చిన పెద్దల్లో ఒకాయన కూడా కళ్లజోడు సరిచేసుకుంటూ వంగి ఒకటి ఏరుకున్నాడు.

వీణ ఏడుపు ముఖంతో నిలబడింది. కమలకుమారి టీచరు ఖాళీ పిప్పరమెంటును అలాగే పట్టుకుని ఆమె వైపు తిరిగింది.

"వీణా, నిష్పత్తి ప్రకారం ఇందులో ఉండాల్సింది ఒక్కటే బిళ్ళ కదమ్మా" అంది. "మిగతావన్నీ ఎక్కడివి?"

"టీచర్, పోరగాండ్లు అడిగిన్రు" అంది వీణ.

ఆవిడ పెదవి బిగించి కాసేపు ఆపుకుంది. ఇక ఆపుకోలేక నవ్వేసింది. గదంతా నవ్వింది. గుమ్మం దగ్గరున్న చంద్రమ్మ తలుపు చాటుకు వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

బహుమతి ఒక అగ్గిపెట్టెకు వచ్చింది. చిరిగిన నమూనాకు ఇవ్వడం కుదరదన్నారు. వీణను బడిలో పిప్పరమెంట్ అని పిలవడం మానలేదు సరికదా, చిన్నపిల్లలు కూడా మొదలుపెట్టారు. కాకపోతే వాళ్లు "పిప్పరమెంట్ అక్కా" అనేవారు. ఆ పిలుపుకు వీణ పలకడం కూడా మొదలుపెట్టింది.

ఓ నెల గడిచాక బురఖా వేసుకున్న ఒకావిడ చిన్నపాపను వేలు పట్టుకుని చంద్రమ్మ గుమ్మంలోకి వచ్చింది. పాప ఆ బడిలోనే ఒకటో తరగతి. పుట్టినరోజుకు కేకు వద్దంటోందట, పిప్పరమెంటే కావాలంటోందట.

"స్కూల్ మే ఫటా నై, వైసాచ్ హోనా అమ్మా" అందావిడ, బడిలో చిరిగినట్టే ఇదీ చిరగాలన్నట్టు. "ఫట్‌నా జరూర్."

పగిలిపోకుండా చెయ్యమనే వాళ్లను చూసింది గానీ, పగలాలని అడిగిన మనిషిని చంద్రమ్మ మొదటిసారి చూసింది. సరేనంది. ఈసారి చిరగకుండా ఇంటిదాకా చేరాలని పొరలు ఎక్కువేసింది. ఆ ఎక్కువే ముప్పు తెచ్చింది. పుట్టినరోజు నాడు పిల్లలు దాన్ని లాగారు, గుద్దారు, ఇద్దరు పట్టుకుని వేలాడారు. అది చెక్కుచెదరలేదు. చివరికి పాప తాతయ్య కుర్చీలోంచి లేచి, "హటో" అని అందరినీ పక్కకు జరిపి చేతికర్రతో ఒక్కటేశాడు. బిళ్ళలన్నీ ఆయన టోపీ మీదే పడ్డాయి. అంత నవ్వు ఆ ఇంట్లో ఏ పుట్టినరోజుకూ నవ్వలేదని వాళ్లే చెప్పారు. అక్కడికి వచ్చిన చుట్టాల్లో ఇద్దరు చంద్రమ్మ ఇల్లెక్కడో అడిగి వెళ్లారు.

తర్వాత ఆమె అడుగున విడిగా ఒక మూత పెట్టి, దానికి దారం కట్టి, లాగగానే తెరుచుకునేలా చేయడం నేర్చుకుంది. నేర్చుకునే లోపు ఇంట్లో ఎన్నిసార్లు బిళ్ళలు తన నెత్తిన పోసుకుందో లెక్కలేదు.

2002లో ప్రహ్లాద్ సేటు కాగితాలు చుట్టే మిషను తెచ్చాడు. ఇళ్లలో చుట్టే ఆడవాళ్లకు పని పోయింది. ఒక మధ్యాహ్నం వాళ్లంతా చంద్రమ్మ అరుగు మీద చేరారు. మిషనును తిట్టారు, సేటును తిట్టారు. చంద్రమ్మ అందరికీ చాయ్ పోసింది.

"తిట్టుడు అయినంక లోపలికి రాండ్రి" అంది. "నా కాడ మెలికలు పెట్టెతందుకు చేతులు సరిపోతలెవ్వు."

అప్పటికి ఫంక్షన్ హాళ్లు వీధికొకటి లేచాయి. పుట్టినరోజులకూ పెళ్లిళ్లకూ అలంకరణలు చేసేవాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. పక్క గల్లీలో ఓ పెద్ద గది కిరాయికి తీసుకుంది. ఆగయ్య నిచ్చెనలెక్కడం మానేసి వెదురు పనికే కూర్చున్నాడు. మరి కొన్నేళ్లకు వీణ డిగ్రీ పూర్తి చేసి అబిడ్స్‌లో ఒక ఆఫీసులో చేరింది. సెలవు రోజుల్లో వచ్చి కొలతలు వేసి ఇచ్చేది.

సేటు కూడా ఒక ఆర్డరిచ్చాడు. కొత్తగా పెట్టిన దుకాణం ముందు వేలాడదీయడానికి అన్నిటికంటే పెద్ద పిప్పరమెంటు కావాలన్నాడు. తయారయ్యాక వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"మిషన్ మెలికకు ఇంత అందం రాదు చంద్రమ్మా" అన్నాడు.

"గయితే మిషన్‌కే చెప్పు సేటూ, వచ్చి నేర్చుకోమను" అంది చంద్రమ్మ. సేటు నవ్వుతూ రెండో కొస తనే పట్టుకుని బండి దాకా మోశాడు.

ఆ మధ్య ఒక పెళ్లివాళ్లు వచ్చి, తమకు పెద్ద లడ్డూ కావాలని అడిగారు. చంద్రమ్మ ఒప్పుకోలేదు. ఎంత ఇస్తామన్నా వినలేదు.

"లడ్డు ఉట్టిగ గుండ్రగుంటది" అంది వాళ్లతో. "పట్టుకొని తిప్పెతందుకు ఏమున్నది దాంట్ల? ఇద్దరు మనుషులు చెరో దిక్కు వట్టి తిప్పేదుండాలె. గప్పుడే మజా."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సరే పిప్పరమెంటే చెయ్యమన్నారు. ఆకుపచ్చ కాగితం ఉంటే బాగుంటుందని పెళ్లికూతురు నెమ్మదిగా అంది. చంద్రమ్మ లోపలికి కేకేసి ఆగయ్యను వెదురు తీయమంది. ఆయన అప్పటికే చీలుస్తున్నాడు.